మా పాపని బడిలో హాకీకి ఎంపిక చేశారు, పంపమంటారా?

సామర్లకోట అమ్మ:

అందరికీ నమస్కారం. మా పాప ఏడో తరగతి. ఈ ఏడాది వాళ్ళ బడికి కొత్తగా వచ్చిన పీఈటీ సార్ ఆడపిల్లల హాకీ టీమ్ తయారు చేస్తున్నారు. పరుగులో చురుగ్గా ఉందని మా పాపని కూడా తీసుకున్నారు. అప్పట్నించీ ఇంట్లో ఒకటే గోల, స్టిక్ కొనమని. చీపురు తిరగేసి పట్టుకుని నిమ్మకాయని వంటింట్లోంచి వీధి గుమ్మం దాకా నెట్టుకుంటూ పోతోంది.

మాకు ఈ ఆట గురించి ఏమీ తెలియదు. ఇంట్లో అందరూ క్రికెట్ చూసేవాళ్ళే. ధ్యాన్‌చంద్ పేరు విన్నాం, టోక్యోలో, పారిస్‌లో కాంస్యాలు వచ్చినప్పుడు టీవీలో చూశాం, అంతే. మా వారు షటిల్‌లో చేర్పిద్దాం అంటున్నారు. దానికి కోచింగ్ సెంటర్లున్నాయి, నీడపట్టున ఆడుకోవచ్చు అని. మా అత్తగారికేమో బంతి వచ్చి పళ్ళకి తగులుతుందని భయం.

ఈ ఆట అసలు ఎక్కడిది, మనవాళ్ళు ఒకప్పుడు అంత గొప్పగా ఆడి మధ్యలో ఎందుకు వెనకబడ్డారు, ఆడపిల్లకి దీనివల్ల ఒంటికీ, రేపు ఉద్యోగానికీ ఏమైనా లాభం ఉంటుందా, ఇవన్నీ ఆడినవాళ్ళు ఎవరైనా చెబితే బాగుంటుంది. బడి గ్రౌండు మట్టిదే, వాన పడితే బురద. నెలాఖరులోగా సార్‌కి కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వాలి. దయచేసి చెప్పండి.

రేడియో తాతయ్య:

అమ్మా, నేను ఆడినవాణ్ణి కాదు, విన్నవాణ్ణి. 1975 మార్చిలో కౌలాలంపూర్‌లో ప్రపంచకప్ ఫైనల్, మనకీ పాకిస్తాన్‌కీ. మా వీధిలో ట్రాన్సిస్టర్ ఉన్న ఇంటి అరుగు మీద మనుషులు కిక్కిరిసిపోయారు. ముందు వాళ్ళే గోల్ కొట్టారు. సుర్జీత్ సింగ్ సమం చేశాడు. తరవాత అశోక్ కుమార్ కొట్టిన బంతి పోస్టు మూలకి తగిలి బయటికి వచ్చేసింది. పాకిస్తాన్ వాళ్ళు గోల్ కాదన్నారు, అంపైర్ గోల్ ఇచ్చాడు. 2-1తో గెలిచాం. ఆ అశోక్ కుమార్ ఎవరనుకున్నావు, ధ్యాన్‌చంద్ గారి కొడుకు. ఆ తరవాత మన పురుషుల సీనియర్ జట్టుకి మళ్ళీ ప్రపంచకప్ రాలేదు.

మన తెలుగువాళ్ళూ తక్కువ తినలేదమ్మా. హైదరాబాద్ కుర్రాడు ముకేశ్ కుమార్ బార్సిలోనా, అట్లాంటా, సిడ్నీ, వరసగా మూడు ఒలింపిక్స్ ఆడాడు. చిత్తూరు జిల్లా పల్లెటూరి నుంచి వచ్చిన గోల్ కీపర్ రజని 2024లో మస్కట్‌లో జరిగిన హాకీ ఫైవ్స్ (జట్టుకి ఐదుగురే ఆడేది) ప్రపంచకప్‌లో మహిళల జట్టుకి కెప్టెన్. వెండి పతకం తెచ్చింది. మన జాతీయ క్రీడ ఇది, తప్పకుండా పంపు.

రైట్ హాఫ్:

సామర్లకోట గారూ, నేను రైల్వేలో ఉద్యోగం చేస్తూ సికింద్రాబాద్‌లో ఆడాను. పేరులో ఉన్నట్టే రైట్ హాఫ్‌ని, అంటే ముందువాళ్ళకీ వెనకవాళ్ళకీ మధ్యలో కుడివైపు ఆడేదాన్ని. రిటైరయ్యాక కాకినాడ వచ్చేసి పొద్దుటి పూట పిల్లలకి నేర్పుతున్నాను. మీ ప్రశ్న చూశాక ఊరుకోలేకపోయాను, కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు తాతయ్య గారికి ఒక మాట. జాతీయ క్రీడ అని మనమందరం బడి పుస్తకాల్లో చదువుకున్నాం కానీ, ప్రభుత్వం ఏ ఆటనీ అలా ప్రకటించలేదండీ. 2012లో సమాచార హక్కు కింద అడిగితే కేంద్రం చెప్పింది అదే. ఆ బిరుదు లేకపోయినా హాకీకి వచ్చిన లోటేం లేదు.

చరిత్ర అనగానే అందరూ పతకాలు లెక్కపెడతారు. ఒలింపిక్స్‌లో మన పురుషుల జట్టుకి 8 స్వర్ణాలు, 1 రజతం, 4 కాంస్యాలు. అది గర్వపడాల్సిన లెక్కే. కానీ నన్నడిగితే హాకీ చరిత్ర అంతా కాళ్ళ కింద నేల చరిత్ర. నేల మారినప్పుడల్లా ఆట మారింది, గెలిచేవాళ్ళు మారారు. ఇది తెలిస్తే మీ పాపకి ఇవాళ ఏం కావాలో కూడా మీకే అర్థమవుతుంది.

కర్రతో బంతిని కొట్టే ఆటలు ప్రపంచంలో చాలాచోట్ల చాలాకాలం నుంచీ ఉన్నాయి. ఇప్పుడు మనం ఆడే నియమాలు మాత్రం పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో లండన్ చుట్టుపక్కల క్లబ్బుల్లో తయారయ్యాయి. బ్లాక్‌హీత్ అని ఒక క్లబ్బు, టెడింగ్టన్ అని ఇంకొకటి. టెడింగ్టన్ వాళ్ళు క్రికెటర్లు. చలికాలంలో క్రికెట్ ఉండదు కాబట్టి బుషీ పార్కులో క్రికెట్ బంతితోనే ఇది ఆడేవాళ్ళు. నేల చదునుగా ఉండటంతో బంతి నేలబారుగా దొర్లేది, అందుకే కర్రతో బంతిని అదుపు చేసే నేర్పుకి విలువ వచ్చింది. గోల్ కొట్టాలంటే డీ లోపలికి, అంటే గోల్ ముందు గీసిన అరవృత్తంలోకి, వచ్చే కొట్టాలన్న నియమం కూడా ఆ రోజుల్లోనే పుట్టింది.

అక్కణ్ణించి బ్రిటిష్ సైన్యంతో మన దేశానికి వచ్చింది. కలకత్తాలో 1885 ప్రాంతంలో మొదటి క్లబ్బు, 1895లో బైటన్ కప్ అనే పోటీ. కంటోన్మెంట్లలో, రైల్వే కాలనీల్లో చదునైన మైదానాలుండేవి, సాయంత్రం ఆడుకోవడానికి మనుషులుండేవాళ్ళు. ధ్యాన్‌చంద్ సిపాయిగా చేరి సైన్యంలోనే ఆట నేర్చుకున్నాడు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌కి మనవాళ్ళు మొదటిసారి వెళ్ళి 29 గోల్స్ కొట్టారు, ఎదుటివాళ్ళకి ఒక్కటి కూడా ఇవ్వలేదు. అందులో 14 ఆయనవే. 1936లో బెర్లిన్‌లో వాన వల్ల ఫైనల్ ఒక రోజు వాయిదా పడి ఆగస్టు 15న జరిగింది, జర్మనీని 8-1తో ఓడించారు.

నాకు మాత్రం అందరికన్నా లెస్లీ క్లాడియస్ అంటే ఇష్టం. ఆయనా రైట్ హాఫే, ఆయనా రైల్వే మనిషే. మన వాల్తేరు దాకా లైను నడిపిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఉందే, దాని ఉద్యోగి. ఖరగ్‌పూర్‌లో ఫుట్‌బాల్ ఆడుకుంటున్నవాణ్ణి హాకీలోకి లాగారు. 1948 నుంచి 1960 దాకా నాలుగు ఒలింపిక్స్ ఆడి మూడు స్వర్ణాలు, ఒక రజతం తెచ్చాడు. గోల్స్ కొట్టేవాళ్ళ పేర్లు అందరికీ గుర్తుంటాయి. వెనకనించి బంతి అందించేవాళ్ళని తలుచుకునేది మాలాంటివాళ్ళమే.

ఇక వెనకబడటం సంగతి. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి హాకీని కృత్రిమ టర్ఫ్ మీద, అంటే ప్లాస్టిక్ గడ్డి పరిచిన నేల మీద ఆడించారు. అంతకుముందు ఏడాదే ప్రపంచకప్ గెలిచిన మనం అక్కడ ఏడో స్థానంలో ఉండిపోయాం. గడ్డి మీద బంతి ఎగుడుదిగుడుగా వస్తుంది. దాన్ని మెత్తగా ఆపడం, కర్రకి అంటిపెట్టుకుని ఇద్దరు ముగ్గుర్ని తప్పించుకుపోవడం మనవాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. టర్ఫ్ మీద బంతి గీత గీసినట్టు వస్తుంది, వేగంగా వస్తుంది, ఎవరైనా ఆపగలరు. అప్పుడిక దమ్ము, వేగం, దూరంగా బలంగా కొట్టే పాస్ ముఖ్యమయ్యాయి. యూరప్, ఆస్ట్రేలియా దేశాలు డబ్బు పెట్టి టర్ఫ్‌లు వేసుకున్నాయి. మన పిల్లలు చాలాకాలం మట్టి మీదే నేర్చుకుని, పెద్ద పోటీలకి వెళ్ళినప్పుడు టర్ఫ్ మీద కాలు పెట్టేవాళ్ళు. 1998లో ఆఫ్‌సైడ్ నియమం (అవతలి గోల్ దగ్గర ముందే వెళ్ళి కాచుకోకూడదన్నది) పూర్తిగా తీసేశాక మైదానం ఇంకా పెద్దదైపోయింది, పరుగు ఇంకా పెరిగింది. 1980 మాస్కో స్వర్ణం తరవాత 41 ఏళ్ళు ఒలింపిక్ పతకమే లేదు. 2008లో అసలు అర్హతే రాలేదు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

మళ్ళీ లేవడానికి కారణం కూడా నేలే. పంజాబ్‌లో, హర్యానాలో, ఒడిశాలో చిన్నపిల్లలకే టర్ఫ్ అందింది. టోక్యోలో జర్మనీ మీద 5-4తో కాంస్యం గెలిచినవాళ్ళు అలా పెరిగిన తరమే. ఆడపిల్లల జట్టు అదే ఒలింపిక్స్‌లో క్వార్టర్ ఫైనల్‌లో ఆస్ట్రేలియాని 1-0తో ఓడించింది. గుర్జీత్ కౌర్ గోల్ కొడితే, గోల్‌లో సవిత గోడలా నిలబడింది. కాంస్యం మ్యాచ్ బ్రిటన్ చేతిలో 3-4తో పోయింది, నాలుగో స్థానం. మీ పాపకి ఆ ఆస్ట్రేలియా మ్యాచ్ చూపించండి.

ఇప్పుడు లాభాలు. ఈ ఆటలో నడుం నిటారుగా పెట్టి పరుగెత్తడం తక్కువ. మోకాళ్ళు వంచి, కిందికి ఉండి, కర్ర నేలకి ఆనించి కదలాలి. తొడలకీ, పిరుదులకీ, పొట్ట కండరాలకీ ఇంత పని చెప్పే ఆట ఇంకోటి నేను చూడలేదు. 15 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. పిల్లలకి ఇంకా తక్కువే పెడతారు. ఆగి ఆగి పరుగు పెట్టడం వల్ల దమ్ము బాగా పెరుగుతుంది. చేతుల పని వేరు. ఎడమచెయ్యి కర్ర పైకొసన గట్టిగా, కుడిచెయ్యి కింద వదులుగా. బంతికి ఎడమపక్కకి వెళ్ళాలంటే ఎడమ మణికట్టుతో కర్రని తిప్పాలి, కుడిచేతిలో అది జారాలి. నేర్చుకునే పిల్లలు రెండు చేతులూ బిగబట్టేస్తారు. కుడిచేతి వేళ్ళు వదులు చెయ్యమని రోజూ చెప్పగా చెప్పగా ఒకనాడు కర్ర దానంతటదే తిరుగుతుంది, ఆ పిల్ల మొహంలో వచ్చే వెలుగు చూడాలి.

కళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. బంతి కిందుంటుంది, ఆడాల్సిన మనుషులు పైనుంటారు. బంతి తన దగ్గరికి రాకముందే ఒకసారి తలెత్తి చూసుకుని ఎవరికి ఇవ్వాలో అనుకోవాలి. బంతి వచ్చాక చూస్తే ఆలస్యమే. అలవాటైన పిల్ల రోడ్డు దాటేటప్పుడు కూడా తేడా కనిపిస్తుంది.

ఇంకొకటి, గొంతు. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ఇంట్లో "మెల్లిగా మాట్లాడు" అని విని విని వచ్చినవాళ్ళు. హాకీలో వెనకున్నవాళ్ళు ముందున్నవాళ్ళకి అరిచి చెప్పకపోతే ఆట సాగదు. "నీ వెనకుంది", "వదిలెయ్", "నాకియ్" అని అరవాలి. మొదటి వారం పెదవి కదపని పిల్లలు సీజన్ ముగిసేసరికి అవతలి గోల్ దాకా వినిపించేలా పిలుస్తారు. ఈ ఒక్కదానికోసమైనా ప్రతి ఆడపిల్లా ఒక జట్టు ఆట ఆడాలని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. మీవారు చెప్పిన షటిల్ చాలా మంచి ఆట. కానీ పది మందితో కలిసి ఓడిపోయి, మర్నాడు మళ్ళీ అదే పది మందితో పొద్దున్నే గ్రౌండ్‌కి రావడం జట్టు ఆటలోనే వస్తుంది.

ఉద్యోగం గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. రైల్వే, పోలీసు లాంటి చోట్ల స్పోర్ట్స్ కోటా ఉంది, నాకు ఉద్యోగం అలాగే వచ్చింది. కానీ బాగా ఆడి రాష్ట్ర స్థాయి, జాతీయ స్థాయి సర్టిఫికెట్లు ఉన్నవాళ్ళకే ఆ దారి. ఏడో తరగతిలో ఉద్యోగం కోసం ఆడించకండి, చదువు మానిపించి అసలే ఆడించకండి.

మీ బడి మట్టి గ్రౌండు గురించి దిగులు వద్దు. మొదటి ఒకటి రెండేళ్ళు మట్టి మంచిదే, బంతి ఎటు ఎగురుతుందో తెలియదు కాబట్టి చేతులు మెత్తబడతాయి. ఆ తరవాత మాత్రం వారానికి ఒకసారైనా టర్ఫ్ మీద ఆడాలి. మీకు అరగంట దూరంలో కాకినాడలో టర్ఫ్ ఉంది. 2023 ఫిబ్రవరిలో సీనియర్ మహిళల జాతీయ పోటీలు అక్కడే జరిగాయి. సార్‌ని అడగండి, పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళే ఆలోచన ఉందా అని. టోర్నమెంట్లకి పంపేటప్పుడు ఆడపిల్లలతో ఒక ఆడమనిషి వెళ్తారా, బట్టలు మార్చుకోవడానికి గది ఉందా, ఇవి కూడా మొహమాటపడకుండా అడగండి. మా రోజుల్లో ఒక పోటీలో మేం దుప్పటి అడ్డం పట్టుకుని మార్చుకున్నాం. మీ పిల్లకి ఆ గతి పట్టకూడదు.

ఫిజియో, వరంగల్:

రైట్ హాఫ్ మేడమ్ చెప్పినవాటికి వైద్యం వైపు నుంచి కొంచెం కలుపుతాను. నా దగ్గరికి వచ్చే హాకీ పిల్లల్లో ఎక్కువగా చూసేది నడుం నొప్పి. వంగమంటే మోకాళ్ళు వంచకుండా నడుం దగ్గర వంగిపోతారు, అందుకే వస్తుంది. మొదటి నుంచీ తొడల మీద భారం వేసి కూర్చున్నట్టు వంగడం నేర్పిస్తే చాలావరకు రాదు. తొడ వెనక కండరాలు బిగుసుకుపోకుండా ఆట అయ్యాక పది నిమిషాలు సాగదీయాలి.

బంతి గట్టి ప్లాస్టిక్, బరువు 156 నుంచి 163 గ్రాములు. మీ అత్తగారి భయం ఊరికే కాదు. పళ్ళకి మౌత్ గార్డ్, మోకాలి కింద ఎముకకి షిన్ గార్డులు లేకుండా ఒక్కరోజు కూడా ఆడించకండి. వేడినీళ్ళలో ముంచి కొరికితే పంటి ఆకారానికి వచ్చే మౌత్ గార్డులు స్పోర్ట్స్ షాపుల్లో దొరుకుతాయి, పెద్ద ఖరీదేం కాదు. పళ్ళు ఇంకా మారుతున్న వయసు కాబట్టి వదులైతే కొత్తది తీసుకోవాలి. ఇంకో విషయం, మన దగ్గర ఈ వయసు ఆడపిల్లల్లో రక్తహీనత చాలా కనిపిస్తుంది. తోటి పిల్లలకన్నా ముందే ఆయాసపడుతుంటే బద్ధకం అనుకోకుండా హిమోగ్లోబిన్ చూపించండి.

సామర్లకోట అమ్మ:

అందరికీ చాలా చాలా థాంక్సండీ. మా వారు కూడా కూర్చుని మొత్తం చదివారు, రాత్రి పాపతో కలిసి ఆస్ట్రేలియా మ్యాచ్ చూశారు. రైట్ హాఫ్ గారూ, ఇంకో రెండు సందేహాలు. మా పాపది ఎడమచేతి వాటం. రాయడం, తినడం అన్నీ ఎడమచేత్తోనే. దానికి వేరే స్టిక్ ఉంటుందా? ఎండలో ఆడితే నల్లబడిపోతుంది, రేపు పెళ్ళికి ఇబ్బంది అని మా ఆడపడుచు ఒకటే పోరు. ఆవిడకి ఏం చెప్పమంటారు?

రైట్ హాఫ్:

ఎడమచేతి స్టిక్ అంటూ ఉండదండీ, నియమాలు ఒప్పుకోవు. కర్రకి ఒక పక్క చదును, ఒక పక్క గుండ్రం. బంతిని చదును పక్కతోనే ఆడాలి, గుండ్రం పక్క తగిలితే ఫౌల్. కర్రలన్నీ ఒకే వైపు చదునుగా చేస్తారు. అందుకని కుడిచేతివాళ్ళైనా ఎడమచేతివాళ్ళైనా పట్టుకునేది ఒకలాగే, ఎడమచెయ్యి పైన. ఇందులో మీ పాపకి నష్టం లేదు. కర్రని తిప్పేది, నడిపించేది పైనున్న ఎడమచెయ్యే కదా. నేను నేర్పినవాళ్ళలో ఎడమచేతి వాటం పిల్లలకి డ్రిబ్లింగ్ (బంతిని కర్రతో నెట్టుకుపోవడం), రివర్స్ (కర్ర తిప్పి ఆడటం) తొందరగా పట్టుబడ్డాయి. బలంగా కొట్టే హిట్ మాత్రం కాస్త ఆలస్యంగా వస్తుంది, దానికి ఓపిక పట్టాలి.

స్టిక్ కొనేటప్పుడు పాపని వెంట తీసుకెళ్ళండి. నిలబెట్టి పక్కన పెడితే కర్ర పైకొస తుంటి ఎముక దగ్గరికి రావాలి. ఎదిగే పిల్ల కదా అని పొడుగుది కొనకండి, నడుం పాడవుతుంది. ఇప్పుడే కార్బన్ ఎక్కువున్న ఖరీదైన స్టిక్ వద్దు. బంతి దానికి తగిలి ఎగిరిపోతుంది, ఆపడం రాదు. జలంధర్‌లో, మీరట్‌లో చేసే చెక్క స్టిక్కులు వందల్లో దొరుకుతాయి. మొదటి ఏడాదికి అదే మంచిది. కింద వంపు దగ్గర చెక్క చీలకుండా టేపు చుట్టించండి.

మీ ఆడపడుచు గారికి, హర్యానాలో షాహాబాద్ అనే ఊరి నుంచి వచ్చిన రాణీ రాంపాల్ గురించి చెప్పండి. వాళ్ళ నాన్న బండి లాగేవారు. నిక్కరు వేసుకుని ఆడితే నలుగురూ ఏమంటారో అని వాళ్ళింట్లోనూ భయపడ్డారు. ఆమె టోక్యోలో దేశానికి కెప్టెన్ అయింది. ఇక రంగు గురించి నేనైతే ఆవిడకి జవాబే చెప్పను. పిల్ల పొద్దున్న ఆరింటికి వెళ్ళి ఎండెక్కకముందే వచ్చేస్తుంది. వచ్చాక ఆకలేసి రెండు దోసెలు ఎక్కువ తింటుంది, పుస్తకం ముందు కునికిపాట్లు పడకుండా కూర్చుంటుంది. ఆవిడే చూస్తారు.

ఈ ఆదివారం వీలైతే పాపని కాకినాడ తీసుకురండి. ఆరున్నర నుంచి మా పిల్లలు ఆడుతుంటారు, ఇవ్వడానికి పాత స్టిక్కులు నా దగ్గరున్నాయి. పట్టీ చెప్పులు వద్దు, బూట్లు వేసి పంపండి. నీళ్ళ సీసా పెద్దది తెచ్చుకోమనండి.